వంకొచ్చిందన్యాడు మా బావ

"అవ్వా, ఫోన్లు లేనప్పుడు యే దావన బస్సులు తిరుగుతాండాయో మీకెట్ల తెలిసేది?"

ఎట్లేముంది పాపా, నోరు లేదా? అడిగేవాళ్లం. ఎవుర్ని అడగాల్నో నాకు మా బావే నేర్పించినాడులే, మీ తాతకు అన్న.

అప్పుడు పుంగనూర్లో కాపరం. డెబ్బై ఐదో ఆరో. మీ నాయన సంకలో ఉండాడు... కాదు, నడస్తాండాడు. నేను మదనపల్లెలో సదువుకున్న దాన్ని గదా, టీచరు పనికి కుప్పంలో ఇంటర్వ్యూకి పిల్సినారు. మీ తాత పొమ్మన్యాడు. మా బావకే గిట్టలా. ఇంటి కోడలు సంపాదిస్తే పరువు పోతాదంట. ఆయన మాటకి ఇంట్లో ఎదురు లేదు.

ముందురోజు మాపటేల బస్టాండు నించి వచ్చి, కుప్పానికి పోయే పలమనేరు దావలో వంకొచ్చింది, నీళ్లు రోడ్డు మింద పారతాండాయి, బస్సులు నిలిపేసినారు, ఇంగ పోలేరు అని చెప్పి అన్నానికి కూసున్యాడు. వానలైతే పడతాండాయి. మీ తాత గూడా ఇంకోసారి సూద్దాంలే అన్యాడు. నాకు కడుపు మండిపోయింది.

తెల్లార్తానే బిడ్డను మా అత్తకిచ్చి బస్టాండుకు పోయినా. పలమనేరు బస్సు నిలబడే తావ ఖాళీ. ఆ వంక సంగతి ఎవుర్నీ అడగలా సూడు, నమ్మేసినా. ఆడ చింతపండు లారీ డ్రైవరు టీ తాగతాండాడు. అప్పుడు టీ పావలానో ఏమో. యాడ్నించి వస్తివప్పా అంటే ముళబాగిలు నించి అన్యాడు. రామసముద్రం మింద దావ బాగుండాదా అంటే, ఇప్పుడే గదమ్మా వస్తి అన్యాడు.

అంతే. సుట్టు తిరిగినా సరేనని రామసముద్రం బస్సెక్కితి. ముళబాగిలు, కోలారు, బంగారుపేట, అన్నీ బస్సులే. బంగారుపేటలో రైలెక్కి కుప్పంలో దిగితి. ఒళ్లు హూనమైంది గానీ, నా పేరు పిల్సేటప్పటికి వాకిట్లో ఉండాను.

ఉద్యోగమొచ్చింది. తిరుక్కోని వచ్చేటప్పుడు పలమనేరు బస్సే ఎక్కి, వంక ఎప్పుడు తగ్గెనప్పా అని కండక్టర్ని అడిగినా. ఏ వంకమ్మా, ఈ దావలో బస్సు ఒక్కరోజన్నా నిల్చిందే లేదు అన్యాడు.

ఇంటికొచ్చి అందరి ముందరా అడిగేసినా.

"బావా, ఆ వంకను నువ్వు కండ్లారా సూస్తివా?"

మా బావ తువ్వాల బుజాన ఏసుకోని వాకిట్లోకి పోయినాడు. మా అత్త నాకు అన్నం పెట్టింది.

నేను పనిలో చేరే రోజు ఆయనే బస్టాండుకొచ్చి పెట్టె ఎక్కించినాడు. దావ బాగుండాదమ్మా, కనుక్కున్యాను అన్యాడు. ఆయన పక్కన నిలబడుకోనుంటేనే డ్రైవర్ని అడిగి ఎక్కినా. కోపం ఎప్పుడో పోయిందిలే, పాపం. అడిగేది మాత్రం మానలా.

నీ ఫోను నువ్వు సూసుకో, వద్దనలా. సల్లగుండు తల్లీ, యాడికి పోవాలనుంటే ఆడికి పో. ఎవురన్నా నీకు దావ లేదంటే మాత్రం, ఆ దావన వచ్చినోళ్లని ఒక మాట అడుగు...