విరిచిన ముక్క

మట్టెవాడ ఇంట్లో వినోద పాత వీడియో క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కిస్తోంది. పెళ్లికి ముందు తాను టీవీలో పాడిన పాట ఉన్న క్యాసెట్ ఇప్పుడే పెట్టి చూసింది.

“ఫంగసు పట్టి ఖరాబైందంటివి గదా. బొమ్మ అద్దం లెక్క ఒస్తాంది.”

“అట్లనా? మంచిదేనాయె.” భర్త పేపరు దించలేదు.

“నా పేరు చెప్పేదాక ఉన్నది. పాట ఉండాల్సిన కాడ అంత నలుపే. పాట అయిపోయినంక ఒచ్చిన వార్తలు మల్ల ఉన్నయి.”

“మ్యాచ్ రికార్డు చేయబోయి బటన్ ఒత్తిన్నేమో. పొరపాటు.”

“దీనిమీద ఎవ్వలు రికార్డు చెయ్యొద్దని వెనకున్న ప్లాస్టిక్ ముక్కను నేనే విరగ్గొట్టిన. ఆ బొక్కకు టేపు అతికిస్తెనే మల్ల రికార్డయితది. అతికించిందెవరు?”

పేపరు మెల్లగా ఒళ్లోకి దిగింది.

“ఇంటికొచ్చినోళ్లందరికి అదే చూపెడితిరి. నేను ఇంట్ల ఉన్నట్టే లేకపాయె.”

వినోద క్యాసెట్‌ను పైటకొంగుతో తుడిచింది.

“నేను ఎన్నడు చూపెట్టలే. మీ అమ్మ చూపెట్టేది, నా కోడలు జూడుండ్రని. ఖరాబైందని నువ్వు చెప్పిన్నాడు నాకంటె ఆమెనే ఎక్కువ ఏడ్చింది.”