ఖాళీగా ఇవ్వకూడని కప్పు

స్ఫాక్స్ ఊళ్లో ఈద్ పొద్దు. పెళ్లయ్యాక అనీస్‌కీ రాదియాకీ ఇదే మొదటి పండుగ. నమాజు నుంచి వచ్చిన అనీస్ చేతిలో కాఫీ కప్పుంది. అది మాత్రం ఎంతకీ ఖాళీ కావడం లేదు. లోపలి గదిలో అనీస్ తల్లి ఉంది.

"ఇంకా అవలేదా? ఇంతోటి కప్పు, అనీస్! ఎంతసేపు చప్పరిస్తావు?"

"తాగుతున్నా, రాదియా, తాగుతున్నా. రేపు టూరిస్టులొస్తున్నారు కదా, చెప్పాల్సినవన్నీ ఒకసారి అనుకుంటున్నా. విను. ఆఫ్రికా మొత్తానికి ఉత్తరపు కొస ఎక్కడుంది? మన ట్యునీషియాలో!"

"ఉండనీ. ఎక్కడికీ పారిపోదు. కాఫీ చల్లారిపోతోంది."

"మత్మాతా ఊళ్లో జనం నేలలోకి గొయ్యి తవ్వి, అందులో ఇల్లు చేసుకుంటారు. మండుటెండలో కూడా లోపల ఎంత చల్లగా..."

"నీ కాఫీ కంటే చల్లగానా?"

"కోడలా! కప్పు వచ్చిందా?"

"రాలేదత్తయ్యా! మీ అబ్బాయి దాన్ని పెంచుకుంటున్నాడు!"

"అమ్మకెందుకిప్పుడు కప్పు గోల?"

"నువ్వు తాగితే గోల ఉండదు. పొద్దున్నే అంత ఉప్పుచేప తిన్నావు, దాహం వెయ్యట్లేదా? అవున్లే, రంజాన్ మొదటిరోజు నువ్వు చేసిన సూప్ తాగినవాళ్లకి ఉప్పుచేప ఒక లెక్కా!"

"ఆ ఒక్కరోజేగా ఉప్పెక్కువైంది! నువ్వేమో రోజూ పొద్దున పోతే ఉపవాసం విడిచే వేళకి మిఠాయి కొట్టులో పని ముగించుకుని వచ్చేదానివి. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. నేను వండకపోతే ముగ్గురం ఖర్జూరాలు తిని పడుకునేవాళ్లం. మర్నాటి నుంచి బాగానే ఉందన్నావుగా?"

"బాగుంది కాబట్టే అన్నాను. తాగు."

"మగవాళ్లు చెవిలో మల్లెపూల గుత్తి పెట్టుకునే దేశం మనది! టూరిస్టులు పడిపడి నవ్వుతారు."

"నా చెవిలో పెట్టకు, చాలు. తాగు!"

"దక్షిణాన ఒక పెద్ద సరస్సు. ఎండాకాలం వస్తే నీళ్లన్నీ ఇగిరిపోయి, ఎటు చూసినా ఉప్పే..."

"ఆఁ, ఉప్పు! దొరికావు. ఉప్పు హక్కు గురించి చెప్పు."

"అది... అందరికీ తెలిసిందేగా."

"నాకు తెలీదు. నేనూ టూరిస్టునే అనుకో. చెప్పు."

"ఏముంది... రంజాన్ నెలంతా తనూ ఉపవాసం ఉండి, నాలుక కొసన ఉప్పు చూసి ఉమ్మేస్తూ వంట చేస్తుంది కదా ఇంటావిడ... ఈద్ పొద్దున భర్త కాఫీ తాగినాక, ఆ కప్పు ఖాళీగా ఇవ్వకూడదు. అందులో బంగారమో వెండో వేసి... ఫ్లెమింగోల సంగతి చెప్పనా?"

"వద్దు."

"గులాబీ రంగులో ఉంటాయి, గుంపులు గుంపులుగా..."

"అనీస్."

"మన ఉప్పు మడుల్లోనే, ఒంటికాలి మీద..."

"అనీస్! ఏమైంది? నిజం చెప్పు."

"కంసాలి కొట్టు మూసేశాడు."

"ఏంటీ?"

"నీ ఉంగరం ముప్పయ్యో రోజుకిస్తానన్నాడు. సరే అన్నా. ఈసారి నెలకి ముప్పై రోజులూ నిండుతాయని ఎవరిని అడిగినా చెప్పారు. నిన్న సాయంత్రం ఆ చంద్రుడు ఇరవై తొమ్మిదికే వచ్చి కూర్చున్నాడు! పరిగెత్తుకెళ్లేసరికి తాళం. వాళ్లూరు వెళ్లిపోయాడట."

"అందుకా! ఊరంతా మిద్దెలెక్కి కేరింతలు కొడుతుంటే, నువ్వొక్కడివే 'అది చంద్రుడు కాదు, విమానం' అని అరిచావు!"

"నవ్వకు."

"కాసేపాగి 'కదలట్లేదేంటీ' అన్నావు!"

"నవ్వకు రాదియా! మొదటి పండుగ. కాసేపట్లో మీ చెల్లెళ్లొచ్చి, కప్పులో ఏం వచ్చిందక్కా అంటారు. ఏం చూపిస్తావు? నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. రాత్రంతా నిద్ర లేదు."

"కోడలా! వచ్చిందా?"

"వస్తోందత్తయ్యా! ముందు నువ్వు ఆ కాఫీ తాగు, అనీస్."

"ఖాళీ కప్పు నీ చేతికివ్వలేను. ఇవ్వను."

"నా చేతికివ్వద్దు. ఊరికే తాగు. మడ్డి దాకా."

"మడ్డి ఎవరైనా తాగుతారా?"

"ఇవాళ నువ్వు తాగుతావు. కానీ."

"నీ ఇష్టం... ఊఁ... ఛీ, ఎంత చేదు... అరె! పంటికేదో తగిలింది. రాయా?"

"మింగకు! మింగకు అనీస్! ఉమ్మెయ్!"

"కోడలా! కప్పు..."

"వచ్చిందత్తయ్యా, వచ్చింది!"

"వెండి ఉంగరం... కానీ ఇది మగవాళ్లదిలా ఉందే! రాదియా, ఎవరిదిది?"

"ఈ నెలంతా ఈ ఇంట్లో నాలుక కొసన ఉప్పు చూసి ఉమ్మిందెవరో, వాళ్లది."