మధ్యలో అక్షరం

మల్కాపురంలో దొరబాబు ఇల్లు, మంగళవారం మధ్యాహ్నం. ముందు గదిలో మంచం మీద అతను. ఎదురుగా కుర్చీలో అన్న కూతురు అనూరాధ, గాజువాకలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తుంది. వంటగది గుమ్మంలో దొరబాబు భార్య పోతమ్మ.

"పిన్ని ఫోన్ చేస్తే గానీ నాకు తెలీలేదు. నువ్వు చెప్పవా చిన్నాన్నా?"

"ఏటి సెప్పాలి? జొరం. జొరానిక్కూడా కాలేజీ మానేసి వత్తారేటి?"

"జ్వరమేనా? ఆ రిపోర్టు ఇటివ్వు."

"ఏ రిపోర్టు?"

"తలగడ కింద పెట్టుకున్నావే, అది."

"ఇచ్చీ మావా. పిల్లగుంట బస్సులు మారి వచ్చింది."

"నువ్వు లోపలికెల్లి టీ పెట్టు పోతమ్మా... ఇదుగో, తీసుకో. అన్నీ ఇంగ్లీషు ముక్కలే. నాకేటి అర్దమవుద్ది?"

"... తెల్లకణాలు వెయ్యీ రెండొందలేంటి? నాలుగు వేలు దాటి ఉండాలి. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. లక్షన్నర ఉండాలి చిన్నాన్నా! రక్తం చూస్తే ఆరు గ్రాములే. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"పళ్లు తోముకుంటంటే కొంచెం రకతం వత్తంది. ఓ నెల."

"నెలేటి? ఎండాకాలం కాడ్నుంచి. సొక్కా ఇప్పి సూపించు మావా. ఎవులో కర్రెట్టి కొట్టినట్టు ఒల్లంతా నీలం మచ్చలమ్మా."

"నువ్వు టీ పెట్టమంటన్నానా?"

"డాక్టరేమన్నాడు?"

"ఎముకలోకి సూదేసి మూలుగ తీసి సూత్తాడంట. ఈ శుక్రారం రమ్మన్నాడు. ఏం పని సేత్తావన్నాడు. కెమికల్ డిపోలో డ్రమ్ములకి బెంజీన్ నింపుతానండీ అన్నాను. ఏ బెంజీన్ అన్నాడు. బెంజీన్‌లో రకాలేటండీ అన్నాను. డ్రమ్ము మీద స్పెల్లింగు రాయించుకురా అన్నాడు."

"రాయించుకెళ్లావా?"

"ఎల్తాను."

"ఎప్పుడు చెప్పాడది?"

"ఎల్తానంటన్నాను కదే."

"పది రోజులైందమ్మా. రోజూ రేపంటాడు. ఫోన్లో ఫొటో తీసి తెచ్చీ అంటే డిపోలో ఫోన్లు రానివ్వరంటాడు. ఆల్ల గేటుకాడ నాను సూడలేదా, అందరి సేతుల్లోనూ ఫోన్లే."

"పిన్నీ, నువ్వు ఇలా వచ్చి కూర్చో. చిన్నాన్నా, విను. ఆయన ఊరికే అడగలేదు. నోటితో పలికితే రెండూ ఒక్కటే. తెలుగులో రాసినా ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం మధ్యలో ఒక అక్షరం తేడా, ఒకదానికి ఐ, రెండోదానికి ఈ. ఒకటి పెట్రోలులోంచి తీసే పల్చటి సరుకు, బట్టల మీద మరకలు వదలగొడతారు. రెండోది మూలుగలోకి దిగి రక్తం పుట్టనివ్వదు."

"మరి రెండిటికీ ఒకటే పేరెందుకెట్టారు? సదువుకున్నోల్లకి పేర్లు కరువొచ్చినాయా?"

"అదంతా పాత గొడవ. సాంబ్రాణి లేదూ? అక్కడ మొదలైంది."

"సాంబ్రాణా? మనింట్లో ఏసే సాంబ్రాణా?"

"అదే. కొండ మీద దర్గాలో దాన్నేమంటారు?"

"లోబాన్ అంటారు. వేటకెల్లే రోజుల్లో మీ తాత నన్ను అక్కడికి తీసుకెల్లీవోడు. పడవ దించే ముందు దానికి ఆల్ల సేత లోబాన్ పొగ కూడా ఏయించీవోడు."

"ఆ లోబానే. జావా నుంచి వచ్చేదని అరబ్బులు లుబాన్ జావీ అన్నారు. ఓడల్లో యూరపు పోయింది. అక్కడివాళ్లు ముందున్న 'లు' పేరులోది కాదనుకుని తీసేశారు. బాన్‌జావీ మిగిలింది. నలిగి నలిగి బెంజాయిన్ అయ్యింది. ఆ సాంబ్రాణిలోంచి తీసిన యాసిడ్‌ని ఒక జర్మనీ ఆయన సున్నంతో కలిపి కాచాడు. నీళ్లలాంటి ద్రవం దిగింది. దానికి సాంబ్రాణి పేరే పెట్టాడు, బెంజిన్ అని."

"బాగానే ఉంది కదా."

"తర్వాత వచ్చినవాళ్లకి నచ్చలేదు. తలా ఒక రకంగా తోక మార్చారు. ఈ లోపు పెట్రోలు వాళ్లు ఆ పాత పేరు తీసుకెళ్లి వేరే సరుక్కి పెట్టుకున్నారు. అలా రెండూ మిగిలిపోయాయి. ప్రతి ఏడూ మొదటి క్లాసులో పిల్లలకి ఇదే చెప్తాను. పేరు విని సీసా ముట్టుకోవద్దు, స్పెల్లింగు చూసి ముట్టుకోండి అని."

"సాంబ్రాణి పేరా... అందుకేనేమో, తియ్యగుంటాది."

"ఏది?"

"వాసన. పొద్దున్న మూత తియ్యగానే ఏదో పండు మగ్గినట్టు. కుర్రోలు కావాలని వంగి పీల్సీవోలు. తల తేలికవుద్ది."

"పెట్రోలు వాసన కాదా?"

"పెట్రోలు నాకు తెలీదేటి? కాదు."

"చిన్నాన్నా... డ్రమ్ము మీద ఇంగ్లీషు అక్షరాలు గుర్తున్నాయా?"

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా."

"రావక్కర్లేదు. ఆకారం చెప్పు చాలు. ఇదిగో, ఈ కాయితం మీద చూడు. ఇలా ఉంటుంది, నిలువు గీతకి మూడు పళ్లు. దువ్వెన లాగ."

"ఊఁ."

"ఆ పేరులో ఇలాంటి దువ్వెనలు ఎన్ని? రెండా, మూడా?"

"ఉండమ్మా, సూడనీ."

"తొందరేం లేదు. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకో."

"మూడు. మొదట ఒకటి, మద్దిన ఒకటి, ఆకర్న ఒకటి."

"మధ్యలో ఉత్త నిలువు గీత కాదు కదా? సరిగ్గా చెప్పు."

"గీత కాదు. మూడు పల్లే."

"అయ్యో..."

"ఏటమ్మా? ఏటలగైపోయావు? మూడుంటే ఏటి?"

"ఏం లేదు పిన్నీ. కొంచెం నీళ్లియ్యి... చిన్నాన్నా, ఇంగ్లీషు రాదన్నావు. అంత ఖాయంగా ఎలా చెప్పావు?"

"రోజూ సూసీదే కదా."

"రోజూ చూసేది ఎవరికీ ఇలా గుర్తుండదు. మొదట, మధ్యలో, ఆఖర్న అని వరసన చెప్పావు. నువ్వు ముందే లెక్కపెట్టుకున్నావు."

"లెక్కెట్టుకుంటే ఏటి?"

"నీకెవరో చెప్పారు. ఎవరు?"

"గుజరాతు నుంచి టాంకరొచ్చింది. ఆ డ్రైవరు ముక్కూ మూతీ కప్పీలాగ ఏదో పెద్ద బుర్రలాటి ముసుగు తగిలించుకుని దిగాడు. మేమందరం నవ్వినాం. ఆడికి తెలుగు రాదు. డ్రమ్ము కాడికి తీసుకెల్లి ఆ మద్ది అక్షరం మీద ఏలెట్టి కొట్టి, సెయ్యి ఇలగ పీకమీద అడ్డంగా లాగి సూపించాడు."

"ఎప్పుడు?"

"పోయినేడు. వానల్లో."

"ఏడాది దాటింది!"

"సిన్నగా మాటాడు. పక్కింటోల్లింటారు."

"ఏడాదిగా తెలిసీ నువ్వు ఆ డ్రమ్ముల షెడ్డులోకి వెళ్తూనే ఉన్నావా? మిగతావాళ్లకి చెప్పావా? నీ పక్కనే పని చేసిన జగ్గారావు బాబాయికి చెప్పావా?"

"జగ్గారావుకి అప్పుటికే పల్లలోంచి రకతం వత్తంది."

"చెప్పావా?"

"నేదు."

"మావా! జగ్గారావు పెల్లాం గంగాలమ్మ మొన్న కూడా మనింటికొచ్చి ఏడిసెల్లింది. తన మొగుడు పోయింది దిష్టని, సేతబడని అంటంటే నువ్వు ఊఁ కొట్టావు. నీకు తెలుసా?"

"నువ్వుండు పోతమ్మా."

"నానుండను. నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు దాచావు? మేనేజరు బెదిరించాడా? పని పోతుందనా?"

"మేనేజర్లెవరూ ఏడాది కంటే ఎక్కువుండరు. ఇంగ్లీషు కాయితాలు ఆఫీసులో బీరువాలో ఉన్నాయంటారు, ఎవుడూ తియ్యడు. మాకు షెడ్డు గుమ్మం మీద తెలుగు బోర్డుంది. మేం అది సదువుకుని పని సేత్తన్నాం. అదే మాకు సట్టం."

"ఏమని ఉంది దాని మీద?"

"ఎందుకులే."

"చెప్పు."

"బెంజీన్. పెట్రోలు జాతి ద్రవం. మరకలు వదిలించుటకు వాడుదురు. నిప్పునకు దూరముగా ఉంచవలెను. నిప్పు తప్ప వేరే భయము లేదు."

"వేరే భయం లేదా? అలా రాశారా?"

"అలగే ఉంది. తొమ్మిదేల్ల నుంచి ఉంది. నెలకోసారి దాని మీద దుమ్ము నానే తుడుత్తాను."

"ఎవడు రాశాడది? కూలివాడు రాసిన ముక్కలు కావవి. చదువుకున్నవాడే రాశాడు. రెండో సరుకు గురించి రాసి దీని నెత్తిన పెట్టాడు. స్పెల్లింగు చూడాలన్న ఇంగితం లేదు, మనుషులు పీల్చి చస్తారన్న ఆలోచన లేదు..."

"అలగనకు."

"ఎందుకనకూడదు? వాణ్ణి జైల్లో పెట్టాలి!"

"అనకన్నానా! నోటికొచ్చినట్టు తిట్టీకు. ఆ మనిసి తెలిసి సెయ్యలేదు."

"అంటే నీకు తెలుసన్నమాట."

"ఇంక ఒగ్గీ అనూ."

"మావా, సెప్పీ. ఇంక దాసి ఏటి లాబం?"

"నీకూ తెలుసా పిన్నీ?"

"నాకు తెలీదమ్మా. కానీ ఆయన రేత్రిపూట కలవరిత్తన్నాడు. బోర్డు తీసీయాల, బోర్డు తీసీయాల అని."

"సరే. ఇప్పుడు షెడ్డులో ఎవరున్నారు?"

"మద్దేనం లోడింగుంది. ఏడుగురు."

"ఆ ఏడుగురూ ఇప్పుడు పీలుస్తున్నారా?"

"నాలుగ్గంటలకి డ్యూటీ దిగుతారు."

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేస్తున్నాను. కాలేజీకి ఒకసారి వచ్చాడు, నంబరుంది."

"వద్దు."

"వద్దంటే? ఏడుగురు!"

"మేనేజరుకి సేద్దాం. బోర్డు ఇప్పించీసి, కుర్రోలకి మూతికి కట్టుకోడానికి ఏదోటి ఇప్పిద్దాం. నాను సెప్తాను. రేపు నానే ఎల్లి సెప్తాను."

"ఏడాదిగా చెప్పనివాడివి రేపు చెప్తావా?"

"ఇన్‌స్పెక్టరొత్తే అన్నీ రాత్తాడే. బోర్డెవరు రాయించారు, ముక్కలెవరు సెప్పారు, అన్నీ అడుగుతాడు. నా సేత సంతకం పెట్టిత్తాడు."

"అడగనీ. అడగాలి."

"నాను పోతే పోతాను. నాకు సరదాగా ఉందేటి? జగ్గారావు పాడె మోసినోణ్ణి నాను. మోత్తన్నంత సేపూ నోట్లో మాట మింగుకుంటా నడిసినాను. ఒక్కరి గురించి మింగాను."

"రింగవుతోంది."

"అనూ, కట్ సెయ్యే."

"ఎవరి గురించి?"

"కట్ సెయ్యమ్మా, నీకు దండమెడతాను."

"జగ్గారావు బాబాయి పోయాడు. నీ ఒంట్లో రక్తం లేదు. ఇంకా ఎవర్ని కాపాడుతున్నావు చిన్నాన్నా? వాళ్లు మనకి ఏమవుతారు?... హలో, సార్, నమస్కారం. నేను అనూరాధనండీ, కెమిస్ట్రీ లెక్చరర్ని. ఒక కంప్లయింటు చెయ్యాలి సార్, చాలా అర్జంటు. డిపోలో తప్పు బోర్డు పెట్టారు, మనుషులు పోతున్నారు... రాసినవాళ్ల పేరా? ఒక్క నిమిషం సార్, మా చిన్నాన్నకి తెలుసు, అడిగి చెప్తాను... చెప్పు. ఎవరది?"

"నువ్వేనే తల్లీ. తొమ్మిదేల్ల కిందట నాను ఫోన్ సేసి 'అమ్మా, బెంజీన్ అంటే ఏటి' అనడిగాను. నువ్వు పరీచ్చ రాయడానికి ఎల్తా, బస్సులోంచి పుస్తకంలో ఉన్నట్టే సెప్పినావు. ముక్క పోకుండా రాసుకుని పెయింటరుకిచ్చినాను."