మూడో పేరు

ఆ కంప్యూటరు మీద నుంచి చెయ్యి తియ్యి హీనా! తీస్తావా లేదా? మా పాప కీర్తనది ఆధార్ ఎక్కించినావా? ఏందీ, ఓటీపీ ఒకటే తక్కువనా?

అది నా ఫోనుకే వస్తాది. దాని ఆధార్‌కు ఉండేది నా నంబరే గదా.

నీళ్లొద్దులేమ్మా. ఖాజీపేట నుంచి ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడి వచ్చినా, అందుకే ఆయాసం. తప్పు నీదని అనలేదు. నీది నెట్ సెంటరు, ఆనందరావు బావ పంపిచ్చే కాగితాలు నువ్వు ఎక్కిస్తావు. డిజిటల్ కీ అంటే కంప్యూటర్లో మన సంతకం లెక్కనే అనీ, దాంతోనే టెండరు ఏస్తారనీ నాకు మాత్రం తెల్సిండెనా?

మా ఆయన బెంజమిన్ పోయినాక బావ వచ్చి, "రత్నమణీ, నీ పేరు మీద కాంట్రాక్టు లైసెన్సు తీస్తాండా, నీకూ పాపకూ ఒక దారి అయితాది" అన్నాడు. జమ్మలమడుగులో ఆయన ఇంట్లోనే ఉంటాంటిమి. నీడ ఇచ్చి అన్నం పెట్టే మనిషిని ఏమని అడగాల, చెప్పు?

"టెండర్లో ఎల్ వన్ వచ్చినావు" అన్నాడు. నేను ఫస్టు వచ్చినా అనుకున్నా మే! చర్చిలో లడ్లు పంచినా. నవ్వొద్దు. అందరికంటే తక్కువకు చేస్తానని రాసిచ్చినోళ్లను ఎల్ వన్ అంటారని ఈ పొద్దే తెల్సింది. అంత తక్కువకు ఎట్ల చేస్తారు? సిమెంటు మింగి చేస్తారు!

ఖాజీపేట దగ్గర బడిలో నీళ్ల ట్యాంకు కట్టినారు గదా, నా పేరు మీద. దాని గురించి నోటీసు వచ్చింది. బావను అడిగితే "చించి పారెయ్" అన్నాడు. నా మనసు ఒప్పలేదు. పొద్దున్నే ఆయనకు చెప్పకుండా పోయినా.

అయ్యో హీనా! ట్యాంకు కాలు పగిలి లోపలి కమ్మి బయటికి వచ్చిండాది. తుప్పు పట్టి ఎర్రగా! సరిగ్గా దాని కిందనే పిల్లోళ్లు అన్నం తట్టలు కడుక్కుంటాండారు. అది పడితే?

సుప్రజ మేడం అని ఇంజినీరు, ఆయమ్మ తిట్టలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్క మాట విడమర్చి చెప్పింది. ఈఎండీ అంటే మనం బర్రెకు బయానా ఇస్తామే, అట్లాంటిదంట. టెండరేసినోడు నడిమధ్యలో పారిపోకుండా ముందే కట్టించుకునేది. డిఫెక్టు లయబిలిటీ అంటే, పని అప్పజెప్పినాక కూడా గడువు లోపల పగిలితే మనమే బాగు చెయ్యాలంట, మన చేతి దుడ్లతో. చెయ్యకపోతే బ్లాక్‌లిస్టు. ఇంక ఆ పేరుకు యాడా పని రాదు.

ఆయమ్మే ఇంకో సంగతి చెప్పింది. వీరపునాయునిపల్లె రోడ్డు పని చెడగొట్టి బావ పేరు ఎప్పుడో బ్లాక్‌లిస్టుకు ఎక్కిందంట. అందుకే నా పేరు తీసుకున్నాడు!

బస్టాండులో నుంచి ఫోను చేసినా. ఏమన్నాడో తెల్సా? "పోతే నీ పేరు పోతాది, అంతే గదా. కీర్తనకు పద్దెనిమిది నిండినాయి, దాని పేరు మీద తీస్తాండా."

గెల కోసినాక అరటిచెట్టు నరికేసి, పక్కన పిలకను పెంచుతారు సూడు. అట్ల.

డిజిటల్ కీకి వీడియో కావాలని, ఆ పిల్లకు స్కాలర్‌షిప్పు కోసమని చెప్పినాడంట. ఫోను ముందర కూర్చోని "నా పేరు కీర్తన" అని వీడియోలో చెప్పి, నవ్విందంట...

అదో, టింగుమనింది. వచ్చింది. ఇదేనా? ఇదేనా హీనా? సూడొద్దు, నువ్వు సూడొద్దు!

బావే చేస్తాండాడు. ఎత్తొద్దంటావా? ఎత్తుతా.

బావా... ఆఁ, వచ్చింది... హీనా కాడనే ఉండా... లేదు బావా. చెప్పను... చెప్పనంటాండా! ట్యాంకు సంగతేంది?... ఆఁ... ఆఁ... పాపకియ్యి ఫోను. ఇయ్యవా? సరే, నేనే వస్తాండా.

నీకూ ఇనపడింది గదా. సామాన్లు వాకిట్లో ఏస్తాడంట. ఏస్తాడు కూడా. ఆదివారం ఆయన ముందు బెంచీలో నిలబడి ప్రార్థన చేస్తాంటే, నేను వెనక నిలబడి ఆమెన్ అనాల. శానా భయంగా ఉండాది మే.

ఓటీపీ టైము అయిపోయిందా? మళ్లా పంపియ్యమని నొక్కొద్దు. పాపది అంతా తీసెయ్యి. నా కండ్ల ముందరే తియ్యి.

ఇంక ఆ సుప్రజ మేడానికి ఒక కాగితం కొట్టియ్యి. ట్యాంకు కాలు నేనే బాగు చేయిస్తాననీ, అంతదాకా పిల్లోళ్లను ఆడికి పోనియ్యొద్దనీ. దేంతో చేయిస్తానంటావా? నాకూ తెల్దు.

నీకొకటి చెప్పల్ల. పొద్దున ఆడ ఒక పాప తట్ట కడుక్కుంటా నన్ను సూసి, "నీ పేరేందిమ్మా?" అనింది. నా పేరు చెక్కిన బండ పక్కనే ఉండాది. దానికి అడ్డం నిలబడినా హీనా, కొంగు ఇంత పరిచి. సుధారాణి అని చెప్పినా. మా చెల్లెలి పేరు. బావ చేసిందే నేనూ చేసినా.

కొట్టు. కాంట్రాక్టరు, రత్నమణి అని కొట్టు.