ఓడినవాళ్ళకి పంపిన గంట

హలో… ఆ, నేనేనమ్మా, డెల్మర్ ఓస్ట్రెమ్‌ని. గ్రేంజర్ కాలేజీ ఆటల డైరెక్టర్ని… అవును, కనుమకి ఇవతలి వాళ్ళం. గోధుమ పొలాల వాళ్ళం… నువ్వెవరమ్మా? ఇది పోర్ట్ హాలిస్ కాలేజీ డైరెక్టర్ క్లైడ్ సెల్లు కదా.

సెక్రటరీవా. వాడి సెల్లు నీ దగ్గరెందుకుంది?

లోపలికి తీసుకెళ్ళనివ్వలేదా… అదేం మీటింగమ్మా, ఎక్కడ? … చెప్పకూడదా. సరే, చెప్పకు.

లేదు, మళ్ళీ చెయ్యను. ఇప్పుడే వెళ్ళి ఒక్క ముక్క చెప్పు. మీరు పంపిన గంట డెల్మర్ ఆఫీసు గుమ్మం ముందుంది అని… గంటేనమ్మా. పాత రైలింజను గంట. వాడికి తెలుసులే… ఆ, లైన్లోనే ఉంటాను.

…

క్లైడ్. … బానే ఉన్నా. ఇంట్లో ఆర్లీన్ కూడా బానే ఉంది. అవన్నీ తర్వాత.

గంట ఎందుకు పంపావురా?

… మర్యాద కోసమా. ఒరేయ్, కిందటి నవంబర్లో గెలిచింది మీరు. మంచులో, మా ఊళ్ళోనే, మా వాళ్ళ చేత మట్టి కరిపించి పట్టుకెళ్ళారు. మీ కాలేజీకీ మా కాలేజీకీ జరిగే ఆటలో గెలిచినోడు ఏడాదంతా గంట ఉంచుకుంటాడు, దానికి తన రంగేసుకుంటాడు. మనం పుట్టకముందు నుంచీ అదే పద్ధతి. ఓడినోడికి గంట పంపించడం నువ్వెప్పుడన్నా విన్నావా?

… పోనీ పంపావు. మీ నీలం గీకించి ఎరుపెందుకు వేయించావు? మా రంగు… ఇంకా ఆరనే లేదు. చేతికంతా అంటుకుంది.



సరే, నేనే చెబుతా. తప్పయితే కాదను. గంట మాకే వదిలేశావంటే ఇక మీకూ మాకూ ఆట లేదు. … ఈ ఏడాది ఒక్కటీ కాదు. ఇంకెప్పుడూ లేదు.

…

క్లైడ్. కాదనరా.

…

ఎక్కడున్నావు నువ్వు? వెనకాల గ్లాసుల చప్పుడు… తూర్పునా. అక్కడ చీకటి పడిపోయుంటుంది. ఇక్కడింకా ఎండే. కిటికీ కింద మా పిల్లలు పరుగులు తీస్తున్నారు.

అంటే పెద్ద కాలేజీల కూటమి వాళ్ళు పిలిచారు, మన కూటమి వదిలేసి మీరు వెళ్ళిపోయారు. … ఎప్పుడు ఓటేశారు? … ఈ మధ్యాహ్నం. మీరొక్కరేనా? … ఇంకో ముగ్గురు. పది కాలేజీల్లో నలుగురు గోడ దూకేశారన్నమాట.

రేపు పొద్దున కదరా మన పదిమందీ టీవీ ఒప్పందం మీద సంతకాలు పెట్టాల్సింది. పాతది ఈ నెలాఖరుతో సరి. మా కాలేజీ ప్రెసిడెంట్ కొత్త టై కొన్నాడు. ఫొటోగ్రాఫర్ని పిలిపించాడు. పక్క గదిలో కూర్చుని రేపు ఏం మాట్లాడాలో బట్టీ పడుతున్నాడు. గోడలోంచి వినబడుతోంది.

… నేనా చెప్పాల్సింది? నువ్వు చెప్పు. ఫోను ఆయనకిస్తాను… చూశావా. నువ్వూ వద్దంటున్నావు.

మిగిలిన ఆరుగురం కలిసుంటే మాత్రం ఏముంది? టీవీ వాడు డబ్బిచ్చేది కూటమికిరా, మాకు కాదు. మీ ఊళ్ళో ఇంటికి రెండు టీవీలు. మా ఊళ్ళో మనుషుల కన్నా ధాన్యం గాదెలెక్కువ. మీ పక్కన నిలబడ్డాం కాబట్టి ఇన్నాళ్ళూ మేమూ కనబడ్డాం. మీరు లేచిపోయాక మా మీద కెమెరా ఎవడు పెడతాడు?

… తెలుసు. నీ చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లోనూ లేదట. మీ ప్రెసిడెంట్‌ని అడిగితే బోర్డుని చూపిస్తాడు, బోర్డు వాళ్ళు టీవీ వాణ్ణి చూపిస్తారు. వాడేమో చూసే జనాన్ని చూపిస్తాడు.

ఒక్కటి మాత్రం చెప్పు. మార్చిలో నన్నెందుకు ఆపావు?

… ఎందుకు గుర్తుండదు? మీ వంటింట్లో. ఆడవాళ్ళిద్దరూ పెరట్లో చేపలు కాలుస్తున్నారు. మైదాన రాష్ట్రాల కూటమి వాళ్ళు మాకు చోటిస్తామన్నారు, శుక్రవారంలోగా చెప్పమన్నారు అన్నాను. నువ్వేమన్నావు? నువ్వు పోతే అంతా కూలిపోతుందిరా డెల్మర్, మేమెక్కడికీ పోవడం లేదు, కాస్త ఆగు అన్నావు. చెయ్యి కలిపావు.

… అవును, చెయ్యే. కాగితం అడగలేదు. మా దగ్గర పొలం కౌలుకిచ్చినా చెయ్యి కలపడమే. మా నాన్న అలాగే ఇచ్చాడు, వాళ్ళ నాన్నా అంతే. కాగితం అడిగితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు. ఈ సంగతి ఇంకోడికి తెలీదంటే సరే. నువ్వు ఇక్కడే చదువుకున్నావు. నా గదిలో, నా పక్క మంచం మీద పడుకున్నావు. నా భుజానికి భుజం ఆనించి ఆడావు. నీకు తెలుసు. తెలుసు కాబట్టే చెయ్యి చాపావు.

… ఏంటీ? … ఉండు. అప్పటికే మాట్లాడుతున్నావా వాళ్ళతో? మార్చికే?

… జనవరి నుంచి.

అయితే నేను ముందే వెళ్ళిపోతే మన కూటమి విరిగిందని వాళ్ళకి తెలిసిపోయేది. ఇల్లు కూలినోడు వచ్చాడని మీకు తక్కువ ధర కట్టేవాళ్ళు. బేరం తెగేదాకా నన్ను గుంజకి కట్టేసి ఉంచావు. … అంతేగా?

అంతే.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

… ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు చిరాకు. నిన్ను నాలుగు తిట్టుకునే వీలు కూడా లేకుండా చేస్తావు.

… చేశానులే. గంట చూడగానే ముందు ఆ మైదాన రాష్ట్రాల వాళ్ళకే ఫోను చేశాను. ఆ చోటు వేరే కాలేజీకి ఇచ్చేశారు. మర్యాదగానే మాట్లాడారు. మీరే వద్దన్నారుగా అన్నారు. ఏమనను? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అనాలా వాళ్ళతో?

… ఏమవుతుందా? తెలీనట్టు అడుగుతావేం. ఫుట్‌బాల్ డబ్బుతోనే కదా మిగతా ఆటలన్నీ బతికేది. అది తగ్గితే ముందు కుస్తీ పోతుంది. … అవును, నువ్వు చదువుకునేటప్పుడు రాత్రిళ్ళు కాపలా కాసిన ఆ కుస్తీ గదే. నీ జీతం అక్కణ్ణించేగా వచ్చేది. మా కుస్తీ పిల్లలంతా పాడి రైతుల పిల్లలురా. వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కింది వాళ్ళే మొదలు. ఆ స్కాలర్‌షిప్ ఆగిపోయిందంటే మళ్ళీ ఆవుల దగ్గరికే. ఆ ఆవులు కూడా ఇప్పుడు ఎంతమంది దగ్గరున్నాయి? సగం అమ్ముకున్నారు.

ఈ వారంలోనే తేల్చాలి. లేకపోతే సోమవారం ఆ కోచ్‌ని నా గదికి పిలవాలి.

… ఆ కొత్త కూటమిలో మీకెంతిస్తున్నారేంటి? … సగం వాటానా? అందరికీ నిండుగా, మీకు సగమా? … ఆరేళ్ళు. ఆ తర్వాత? … "చూద్దాం" అన్నారా.

క్లైడ్, ఆరేళ్ళ తర్వాత ఆ కూటమి ఉంటుందని ఎవడు చెప్పాడు? వాళ్ళలో బాగా బలిసినవాళ్ళు విడిగా కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారట. … నువ్వూ విన్నావా. … ఎవరి దగ్గర? … ఇవాళేనా. ఆ గదిలోనే.

…

నేనేం నవ్వడం లేదు. ఒట్టు. నాకు భయమేస్తోంది. ఇన్నాళ్ళూ మమ్మల్ని తినేది ఎవరా అని చూశాను, నిన్ను తినేవాడు కూడా ఉన్నాడన్నమాట.

మీ ఆడపిల్లల వాలీబాల్ జట్టు ఏం చేస్తుంది? మంగళవారం ఆటకి దేశం ఈ చివర్నించి ఆ చివరికి… మరి వాళ్ళ పరీక్షలు? … విమానంలో రాస్తారా. సరే.

… ఏంటది? నా కోసమా? ఏం చేశావు నా కోసం?

… మీ మైదానంలో ఆట. ఈ సెప్టెంబరు. … ఊ. … ఊ. … మేమొచ్చి ఆడి వెళ్ళాలి, మీరు మా ఊరు రారు. వచ్చినందుకు డబ్బిస్తారు.

దానిపేరేంటో నీకు తెలుసు. చిన్న కాలేజీలు పెద్ద మైదానాలకెళ్ళి తన్నులు తిని కూలి తెచ్చుకునే ఆట. వాళ్ళ బస్సులు చూసి మనిద్దరం జోకులేసుకునేవాళ్ళం.

… అబద్ధం చెప్పకు. సెప్టెంబరుకి నా దగ్గరెవరుంటారు? ఈ కబురు బయటపడగానే నీ కోచ్ మా జట్టుని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి ఫోను చేస్తాడు. … నువ్వాపినా ఇంకోడు చేస్తాడు. బాగా ఆడేవాళ్ళు పోగా నాకు మిగిలేది మొన్న హైస్కూలు దాటొచ్చిన పసోళ్ళు. మీ వరసలో నిలబడి వాళ్ళని గుద్దేది ఒక్కొక్కడూ కోడె దున్న. మనం ఆడినవాళ్ళం, ఏమవుతుందో నాకూ తెలుసు, నీకూ తెలుసు. మోకాళ్ళు పోతాయి. మెడలు పోతాయి.

… అంబులెన్స్ ఉంటుందా. సంతోషం.

… ఎంత?

… మళ్ళీ చెప్పు.

…

కుస్తీ జట్టుకి ఏడాది ఖర్చు అదేరా. ఇంచుమించు అంతే. … నీకు తెలిసే చెప్పావు. నా నొప్పి ఎక్కడుందో చూసి అక్కడే వేలు పెట్టావు.

ఒకళ్ళ పిల్లల్ని నిలబెట్టడానికి ఇంకొకళ్ళ పిల్లల్ని పంపాలి. … కాదు, నీతో కాదు, నాలో నేనే అనుకుంటున్నా.

… ఇప్పుడే చెప్పాలా? … ఎందుకు, ఇంకెవరన్నా కాచుక్కూర్చున్నారా? … ఇద్దరా.

సిగ్గులేదురా నీకు.

…

ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు. పెట్టెయ్యకు. … ఎవరూ? విన్స్, నువ్వా. రా, కూర్చో. … క్లైడ్, వచ్చింది మా ఫుట్‌బాల్ కోచ్. లైన్లో ఉండు.

… లేదు విన్స్, ఏమీ కాలేదు. ఎందుకలా చూస్తావు? ముఖం అలా ఉందా? ఎండకి.

ఇదిగో, నీకో మంచి కబురు. సెప్టెంబరులో పోర్ట్ హాలిస్‌లో ఆట దొరికింది. … వాళ్ళ కొత్త మైదానంలోనే. డెబ్బై వేలమంది. దేశమంతా టీవీలో చూస్తుంది. … నిజంగానే. ఆ క్లైడే లైన్లో ఉన్నాడు… ఆ, చెబుతాలే, విన్స్ థాంక్స్ చెప్పాడంటాను.

… సరిపోతారు. పసివాళ్ళయితే ఏం, ఎవరికి మాత్రం రోజూ వస్తుంది ఇలాంటి అవకాశం? … పిల్లలకి ఇప్పుడే చెబుతావా? చెప్పు. కిందకి ఎందుకు, ఈ కిటికీ తియ్యి, ఇక్కణ్ణించే చెప్పు. గట్టిగా చెప్పు, వెనకాల పరిగెడుతున్న ఆ బక్కోడికి కూడా వినబడాలి.

…

క్లైడ్, ఉన్నావా?

వినబడుతోందా? … మా పిల్లలే. … ఎగురుతున్నారు. ఒకణ్ణొకడు ఎత్తుకుంటున్నారు.

… పంపు. ఈ రాత్రే పంపు, సంతకం పెడతాను. … మాట వద్దు. కాగితమే.

… లేదు, తన్నులు తిని కూలి తేవడానికి పంపుతున్నానని వాళ్ళకి చెప్పలేదు. చెప్పను కూడా.

పెట్టేస్తున్నా. నాకేసి చెయ్యూపుతున్నారు.