గాలిని లెక్కలోకి తీసుకున్న పుష్పావతి గారికి

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన శ్రీమతి బి. పుష్పావతి గారు అనంతపురంలోని మన పాలిటెక్నిక్ కళాశాలలో, మెకానికల్ విభాగ ఉపన్యాసకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ధర్మవరంలో పట్టు మగ్గాల ఇంట జన్మించి, తమ వంశంలో తొలి ఇంజనీరుగా ఈ ప్రాంగణంలో అడుగుపెట్టిన ఆమె, అప్పటికి ఆ విభాగంలో ఏకైక మహిళ. వర్క్‌షాపులో లేతు యంత్రం ముందు కొంగు బిగించి నిలబడి, విద్యార్థిని తప్పు చేయనిచ్చి, ఆ తప్పు అతనికే కనబడేదాకా ఓపికగా వేచి ఉండడం ఆమె బోధనా పద్ధతి.

బదిలీలపై వేరే ఊళ్లలో కొన్నేళ్లు పనిచేసి, 2009లో విభాగాధిపతిగా ఇక్కడికే తిరిగి వచ్చారు. నేను ఎలక్ట్రానిక్స్ విభాగంలో చేరినది ఆ సంవత్సరమే. అప్పటినుంచి వారి సాహచర్య భాగ్యం నాకు లభించింది. పదవీ విరమణ అభినందన వ్యాసాల్లో విజయాలను మాత్రమే స్మరించడం సంప్రదాయమని ఎరుగుదును. అయితే పుష్పావతి గారి వృత్తి జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం విజయం కాదు. దానిని విడిచిపెట్టి వారిని గురించి రాయడం నాకు చేతకాలేదు.

2023లో మన కళాశాలలో మోడల్ రాకెట్ క్లబ్ ఏర్పడింది. కాగితపు గొట్టానికి తేలికపాటి రెక్కలు అతికించి, అనుమతి గల సంస్థ నుంచి తెప్పించిన చిన్న మోటారు అమర్చి ఎగరవేయడం, శిఖరానికి చేరాక లోపలి మందు పేలి పారాచూట్ తెరుచుకోగా దానిని మళ్లీ దింపుకోవడం ఆ క్లబ్ వ్యాసంగం. ఎంత ఎత్తు లేస్తుందో, ఎక్కడ పడుతుందో ముందుగా కంప్యూటరులో ఎగరవేసి చూపే సాఫ్ట్‌వేర్ కావాలి. దానిని ఎంపిక చేసే బాధ్యత పుష్పావతి గారికి అప్పగించారు.

చివరికి రెండు మిగిలాయి. మొదటిది రంగుల బొమ్మలతో కన్నుల పండుగగా ఉండేది. గాలి వేగం ఒక్క అంకెగా ఇస్తే చాలు, వెంటనే జవాబు చెప్పేది. రెండవది ఉచితంగా దొరికేది, చూడడానికి నీరసంగా ఉండేది. ఊరి ఎత్తు, ఎండ తీవ్రత, రాకెట్‌ను నిలిపే ప్రయోగ కడ్డీ పొడవు, గాలి ఎంతసేపు ఆగి ఎంత జోరుగా విసురుతుందో అన్నీ అడిగేది. విద్యార్థులందరూ మొదటిదాన్నే కోరారు. పుష్పావతి గారు రెండింటితోనూ గాలి లేని ఉదయాల్లో చిన్న రాకెట్లు ఎగరవేసి సరిచూశారు. తేడా రాలేదు. గాలి ఉన్నప్పుడు మాత్రం రెండూ రెండు దారులు చూపాయి, రాకెట్ రెండవది చూపిన దారినే పోయింది. మన పీఠభూమిలో గాలి లేని రోజు అరుదు గనుక రెండవదే వాడాలని క్లబ్ కమిటీకి విన్నవించారు. కమిటీ ఎవరినీ నొప్పించక, రెండూ ఉండనిమ్మని తీర్మానించింది.

మరుసటి ఏడు ఆగస్టులో అంతరిక్ష దినోత్సవానికి కళాశాల వెనుక బీడులో పెద్ద రాకెట్ ప్రయోగం తలపెట్టారు. ఆ ఏడు వాన మొహం చాటేసింది, పడమటి గాలి మాత్రం ఎడతెగకుండా వీచింది. ఆ ఉదయం రెండవ సాఫ్ట్‌వేర్ చూపింది ఇది: కడ్డీ విడిచే వేళకు వేగం చాలక, రాకెట్ గాలికి ఎదురుతిరిగి, తక్కువ ఎత్తులోనే పడమటి పొలాలవైపు దూసుకుపోయి, పారాచూట్ తెరుచుకోకముందే నేల తాకుతుంది.

కార్యక్రమ నిర్వాహకులు రాజేంద్ర గారు మొదటిదాన్ని తెరిచి చూశారు. "ఇందులో బాగానే వస్తాండాది కదా మేడమ్. అతిథులొచ్చి కూర్చున్నారు. ఇదే చూపిద్దాం."

"అది గాలి విసురు సంగతి అడగనే లేదు సార్. అడగనిదాన్ని ఎట్ల చెప్తాది?" అన్నారామె. "ఇంకోరోజు పెట్టుకుందాం."

"గాలి తూర్పుకు కొడతాంటే పడమటికి ఎట్ల పోతాది మేడమ్?"

తోక రెక్కలను గాలి నెడితే ముక్కు గాలి వచ్చే వైపుకే తిరుగుతుందని ఆమె వివరించారు. వినే తీరిక ఎవరికీ లేకపోయింది. కడకు, పడమటి వైపున్న కుర్చీలనైనా మార్పించండని వేడుకుంటే ఆ మేరకు సాధ్యమైంది. రాకెట్ లేచింది, ఎదురుగాలికి తిరిగింది, ఆమె చెప్పిన చోటికే పోయింది. అక్కడ కుళ్లాయప్ప అనే రైతు వేరుశనగ కట్టె వామి ఉంది. రాకెట్ అందులో దిగబడ్డాక పారాచూట్ మందు పేలింది. గ్రాసం కరువైన ఏట, తన ఎద్దుల కోసం అతను దాచుకున్న మేత మా అందరి కళ్లముందే కాలిపోయింది.

మరునాడు ఆమె వెంట నేనూ వెళ్లాను. కుళ్లాయప్ప బూడిద పక్కనే కూర్చుని ఉన్నాడు. అతని భార్య గంగక్క మమ్మల్ని చూసి లేచి ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయింది.

"పడమట పడతాదని నీకు ముందే తెలుసునంట గదమ్మా?" అని అడిగాడు.

"తెలుసప్పా."

"తెలిసి యాడ చెప్పినావు?"

"కాలేజీలో అందరికీ చెప్పినానప్పా."

అతను కోపగించుకోలేదు. "నాకు చెప్పకపోతివే. పొద్దున్నుంచి ఈడనే ఉంటిని. కట్టెంతా బండికెత్తి అవతలికి తోలుకోని ఉందును."

తిరిగి వస్తూ దారిలో ఆమె నాతో ఒక్కమాటే అన్నారు: "కుర్చీలు కనబడినాయి మారుతీ, వామి కనబడలేదు."

ఆమె బండెడు మేత కొని పంపేసరికి ఎద్దులు సంతకు వెళ్లిపోయాయి. దంపతులిద్దరూ కూలికి బెంగళూరు చేరారు. క్లబ్ మూతపడింది, ఆ కంప్యూటరు ఆఫీసుకు పోయింది. పుష్పావతి గారు పాఠాలు మానలేదు. కానీ విద్యార్థి తప్పు చేస్తుంటే వేచి చూసే ఓపిక వారిలో మళ్లీ కనబడలేదు. తప్పు జరగకముందే చేయి పట్టుకుని ఆపేవారు. వారి నిర్ణయం సరైనదేనని మేమంతా చెప్పినా, అది వారికి ఊరట కాలేదు. విరమణ తర్వాత వారి పదవిలో మరొకరిని నియమించే సూచనా లేదు.

రాజేంద్ర గారు ఈ వ్యాసాన్ని ముందే చదివారు. ఏదైనా తీసివేయమంటారా అని అడిగితే, కాగితం తిరిగి నా చేతికిచ్చి, "ఉండనీ మారుతీ, జరిగిందే కదా" అన్నారు.

పుష్పావతి గారి భర్త నాగేశ్వర గారికీ, కుటుంబ సభ్యులకూ నమస్కరిస్తూ, మేడమ్‌కు నిండు ఆరోగ్యాన్నీ దీర్ఘాయుష్షునూ మనసారా కోరుకుంటున్నాను. వారిని ఓదార్చగల మాట ఈ సంచికలో ఎవరివద్దా లేదు. రానున్న ఏళ్లయినా, వారు చెప్పిన మాటను సకాలంలో చెవిన పెట్టే మనుషుల నడుమ గడవాలని నా ప్రార్థన.

— సి. మారుతి, సీనియర్ ఉపన్యాసకుడు, ఎలక్ట్రానిక్స్ విభాగం