చెల్లెలు చెప్పని సంగతి

మస్కట్‌లో చెల్లెలు దీవెన ఇంట్లో ఇరవై రోజులుండి సెలీనా మణికొండకు తిరిగొచ్చి వారమైంది. ఆ ఉదయం చెల్లెలికి తనే ఫోన్ చేసింది.

"మీ పక్కింటామె మెసేజ్ పెట్టింది. నీ బయాప్సీ రిపోర్టు మంచిగొచ్చిందంట. ఏం బయాప్సీనే?"

"రొమ్ముల చిన్న గడ్డక్కా. క్యాన్సర్ కాదన్నరు. ఇగ ఫికర్ లేదు."

"ఎప్పుడు చేయించుకున్నవ్?"

"నువ్వున్నప్పుడే. ఆఫీసుల మీటింగుందని పోయిన కదా, ఆ రోజు."

"ఆ రోజు నీ పిల్లలకు అన్నం పెట్టుకుంట నీ ఆఫీసును తిట్టిన. ఇరవై ఏండ్ల సంది నర్సును. ఎంతమంది పరాయోళ్ల చెయ్యి పట్టుకొని కూసున్ననో! నాకే చెప్పలేదా?"

"మొదటిసారి మా ఇంటికొచ్చినవ్. నిన్ను పరేషాన్ చేయొద్దనుకున్న."

"ఒక్కదానివే పోయినవా?"

"భయమై బావకు ఫోన్ చేసిన. లోపలికి పిలిచేదాకా ధైర్యం చెప్పిండు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న."

సెలీనా భర్త జాన్సన్ అప్పుడే టీ కప్పులతో గదిలోకి వచ్చాడు.

"ఎవరు ఫోన్ల?"

"మీ మరదలు," అంటూ ఫోన్ అతనికిచ్చింది. "మీతోనే చెప్పుకుంటదంట."